పెరట్లో చెట్టు కొట్టించే ముందు: విశాఖ ఇళ్ళకు పనికొచ్చే పద్ధతి

ఏటా మామిడికాయలు దిగిపోయే రోజుల్లోను, మళ్ళీ అక్టోబరులో వాయుగుండం వార్త రాగానే కూడా, నన్ను తెలిసినవారు అడిగేది ఒకటే ప్రశ్న: "పెరట్లో చెట్టు పెద్దదైపోయింది, ఎవరిచేత కొట్టించాలి?" ఎవరిచేత అన్నది నిజానికి రెండో సంగతి. ఏ కొమ్మను, ఎక్కడికి, ఎందుకు అన్నది మొదటి సంగతి. దానిని ఇంటివారు ముందే తేల్చుకోకపోతే, గొడ్డలి పట్టినవాడు తన కాలు నిలిచినచోట, తన చెయ్యి అందినచోట నరికి వెళతాడు. అందులో అతని తప్పు కూడా పెద్దగా ఉండదు, ఎందుకంటే అతనికి చెప్పినవారు లేరు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటిన తరువాత ఈ ఊళ్ళో చెట్టంటే భయం పట్టుకుంది. ఆ భయంలోనే మా ఇంటి వేపచెట్టుకు నేను తల కొట్టించాను. రెండేళ్ళకు ఆ మోడు చుట్టూ చీపురు కట్టలా చిగుళ్ళు లేచి, ఒక్కొక్కటి చెయ్యంత లావై, పాత చెట్టుకన్నా గుబురుగా తయారయ్యాయి. ఒక శ్రావణమాసపు రాత్రి గాలికి వాటిలో ఒకటి మొదలంటా ఊడి, మేడమీద నీళ్ళ ట్యాంకు మూత పగలగొట్టింది. తుపాను కాదు, మామూలు గాలివాన. ఊడినచోట చూస్తే, ఆ కొమ్మ మానులోంచి పుట్టినది కాదని, పైపై బెరడుకు అంటుకుని పెరిగినదని స్పష్టంగా తెలిసింది. కింద రాసినదంతా ఆ తరువాత నేర్చుకున్నది.

కావలసినవి

ఒక సుద్దముక్క, నాలుగు మూరల ఎర్ర రిబ్బను, పొడవైన వెదురు కర్ర, చిన్న చెక్క సుత్తి, కొలిచే టేపు, ఫొటోలు తీయడానికి ఫోను, ఒప్పందం రాసుకోవడానికి ఒక తెల్లకాగితం. వీటన్నిటికన్నా ముఖ్యంగా కనీసం రెండు వారాల వ్యవధి కావాలి. తీరానికి ప్రమాద హెచ్చరిక ఎగరేసిన రోజున మంచి పనివాడు దొరకడు. దొరికినవాడు తొందరలో చేసే పని గాలి చేసే నష్టానికి ఏమీ తీసిపోదు. అక్టోబరు, నవంబరు నెలలు మనకు తుపానుల కాలం కాబట్టి పెద్ద కోతలన్నీ ఆగస్టు చివరికి ముగిసేలా చూసుకోండి. ఏప్రిల్, మే ఎండల్లో మాత్రం గుబురు తీయించకండి. అంతవరకు నీడలో ఉన్న బెరడు ఒక్కసారిగా ఎండకు మాడి పగులుతుంది. ఎండిన కొమ్మను తీయడానికి కాలంతో పని లేదు.

1. చెట్టును ముందు మీరే చూడండి

ఎండ వాలిన తరువాత చెట్టు చుట్టూ నిదానంగా రెండుసార్లు తిరగండి. మొదటిసారి నేలను, మొదలును మాత్రమే చూడండి. మానుకు ఒకవైపు నేల పగిలినా, కొత్తగా ఉబ్బినా వేళ్ళు పట్టు వదులుతున్నాయని అర్థం. మొదట్లో అరలు అరలుగా, గట్టిగా పుట్టగొడుగులు అంటుకుని ఉంటే లోపల కుళ్ళు ఉందని అనుమానించాలి. చెక్క సుత్తితో మానును నడుము ఎత్తున నాలుగువైపులా తట్టండి. ఒకచోట మాత్రం ఖాళీ డబ్బా మోగినట్టు వినిపిస్తే అక్కడ సుద్దతో గుర్తు పెట్టండి. తొర్ర ఉన్నంత మాత్రాన చెట్టు పడిపోదు. కానీ తొర్రతోపాటు పగులు కూడా ఉంటే అది వెంటనే చూడవలసిన చెట్టు.

రెండోసారి పైకి చూడండి. రెండు పెద్ద కొమ్మలు కలిసే పంగ గుండ్రంగా తెరుచుకుని ఉంటే బలమైనది. ఇరుకుగా, బెరడు లోపలికి మడత పడి ఉంటే బలహీనమైనది, పెద్దగాలికి ముందుగా చీలేది అదే. మామిడి చెట్టు మీద ఆకు రంగు వేరుగా ఉన్న గుబురు కనిపిస్తే అది బహుశా బదనిక, అంటే చెట్టు రసం పీల్చి బతికే మొక్క. దానిని రెమ్మ మట్టానికి గిల్లితే మళ్ళీ పుడుతుంది కాబట్టి, అది పట్టిన కొమ్మనే ఒక అడుగు కిందనుంచి తీయించాలి. తేనెపట్టు ఉందా, పిట్ట గూళ్ళలో పిల్లలున్నాయా అన్నది కూడా ఇప్పుడే చూసుకోండి. రంపం శబ్దానికి తేనెటీగలు లేస్తే చెట్టుమీది మనిషికి దిగే దారి ఉండదు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, ఆకు రాల్చిన కొమ్మను ఎండిన కొమ్మగా లెక్కవేయడం. వేప, బాదం చలికాలం చివరలో ఆకు రాలుస్తాయి, తురాయి పూతకు ముందు దాదాపు మోడులా ఉంటుంది. అనుమానం వచ్చిన కొమ్మ బెరడును గోటితో గీరండి. కింద పచ్చగా, తడిగా ఉంటే బతికి ఉన్నట్టే.

ఒరిగిన చెట్ల విషయంలోనూ ఇలాంటి తికమకే. లాసన్స్ బే కాలనీ, పెదవాల్తేరు వైపు సముద్రపు గాలికి చిన్ననాటినుంచి వంగి పెరిగిన చెట్లు చాలా ఉంటాయి. వాటి మాను మొదట్లో ఒరిగి, పైకి వెళ్ళేకొద్దీ మళ్ళీ నిటారుగా తిరుగుతుంది. అవి ఆ వంపుకు తగ్గట్టు వేళ్ళు తన్నుకున్నవి, వాటిని చూసి భయపడనక్కరలేదు. మాను మొదలునుంచి చివరిదాకా కర్ర వాల్చినట్టు ఒకే తీరుగా ఒరిగి, వెనకవైపు నేల చీలి ఉంటే మాత్రం ఆలస్యం చేయకండి.

2. ఏ పని కావాలో తేల్చుకోండి

"కొట్టేయండి" అన్న ఒక్క మాటలో నాలుగైదు రకాల పనులున్నాయి: ఎండు కొమ్మలు ఏరడం, దారికి, సజ్జాకు, తీగలకు అడ్డమైన కింది కొమ్మలు ఎత్తడం, గాలి దూరేలా గుబురు పల్చన చేయడం, ఒకవైపు బరువెక్కిన పొడవు కొమ్మను కురచ చేయడం, చివరగా చెట్టును మొదలంటా తీసేయడం. మీకు కావలసినది ఏదో పేరు పెట్టి చెప్పగలగాలి. నేను చూసినంతవరకు పెరటి చెట్లలో ఎక్కువ వాటికి మొదటి రెండు పనులే చాలు.

తీయవలసిన ప్రతి కొమ్మకూ రిబ్బను కట్టండి. చెయ్యి అందనిచోట వెదురు కర్ర చివర సుద్ద గుచ్చి గుర్తు పెట్టండి. తరువాత దూరంగా నిలబడి లెక్క చూసుకోండి. గుర్తు పెట్టిన పచ్చి కొమ్మలన్నీ కలిపి చెట్టు గుబురులో పావువంతు దాటితే కొన్నిటిని వచ్చే ఏడాదికి వాయిదా వేయండి. ఆకు చెట్టుకు అన్నం లాంటిది. ఒకేసారి సగం ఆకు పోయిన చెట్టు వేళ్ళలో దాచుకున్న బలమంతా ఖర్చుపెట్టి అడ్డదిడ్డంగా చిగుళ్ళు వేస్తుంది.

తల కొట్టించడం మాత్రం వద్దు. ఎత్తు తగ్గించడం తప్పనిసరైతే, పొడవు కొమ్మను దానిలోంచే పుట్టిన పక్కకొమ్మ దగ్గరకు కోయించండి. ఆ పక్కకొమ్మ లావు కోసిన కొమ్మ లావులో కనీసం మూడోవంతు ఉండాలి, అప్పుడే అది ఆ చోటును ఏలుకోగలదు. దీనికి వ్యతిరేకంగా చేసే మరో పొరపాటు కూడా ఉంది. కొమ్మ లోపలివైపు రెమ్మలన్నీ గీకేసి చివర మాత్రం కుచ్చులా వదిలేస్తారు. చూడటానికి శుభ్రంగా ఉంటుంది, కానీ బరువంతా కొసకు చేరి గాలికి మరింత ఊగుతుంది.

మామిడి విషయంలో కాలం కూడా లెక్క. మన ప్రాంతపు సువర్ణరేఖ కానివ్వండి, బంగినపల్లి కానివ్వండి, కాపు దిగిన వెంటనే జూన్, జులై నెలల్లో కొమ్మలు తీస్తే కొత్త చిగురు ముదరడానికి సమయం దొరికి చలికాలంలో పూత వస్తుంది. అక్టోబరు తరువాత తీస్తే ఆ ఏటి పూత మీద ఆశ వదులుకోవాలి.

3. అనుమతి, కరెంటు తీగలు

కొమ్మలు తీయడం వేరు, చెట్టును మొదలంటా నరకడం వేరు. మన రాష్ట్రంలో 2002లో వచ్చిన నీరు, భూమి, వృక్షాల చట్టం, అందరూ వాల్టా అని పిలిచేది, సొంత స్థలంలోని చెట్లకు కూడా వర్తిస్తుంది. కాబట్టి నరికించే ఆలోచన ఉంటే ముందుగా చెట్టు ఫొటోలు, కొలత, నరకడానికి కారణం రాసుకుని జీవీఎంసీ, అంటే మన నగరపాలక సంస్థ, జోనల్ కార్యాలయంలో అడగండి. చెట్టు రకాన్ని బట్టి అటవీ శాఖకు కూడా దరఖాస్తు పెట్టాలో లేదో వారిచేతే చెప్పించుకోండి. పెరట్లో టేకు, ఎర్రచందనం, శ్రీగంధం ఉంటే అటవీ శాఖను అడగకుండా కత్తి పెట్టనివ్వకండి, దుంగను గేటు దాటించడానికి కూడా కాగితం కావాలి. ప్రహరీ బయట, రోడ్డు వారన ఉన్న చెట్టు మీరు నాటినదైనా సరే మీది కాదు. దాని కొమ్మల గురించి కూడా జీవీఎంసీకే చెప్పాలి.

తీగల విషయంలో మెతకదనం పనికిరాదు. కొమ్మ కరెంటు తీగకు తగులుతున్నా, పడేటప్పుడు తగిలే అవకాశం ఉన్నా, కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ వారికి 1912 నంబరుకు ఫోను చేసి గాని, మీ సెక్షన్ కార్యాలయానికి వెళ్ళి గాని చెప్పండి. వారు ఆ లైనులో కరెంటు ఆపి, అంటే లైన్ క్లియర్ ఇచ్చి, లైన్‌మన్ దగ్గరుండి "కానివ్వండి" అన్న తరువాతే పని మొదలుపెట్టాలి. ఇంట్లో మెయిన్ ఆపేశాం కదా అని ధైర్యపడేవారు ఎక్కువమంది ఉన్నారు. మెయిన్ ఆపితే ఇంట్లోకి కరెంటు ఆగుతుంది, స్తంభంనుంచి మీటరుదాకా వచ్చే తీగలో ఆగదు. పచ్చికొమ్మ తడితో ఉన్నప్పుడు దానిలోంచి కూడా కరెంటు పారుతుంది.

4. మనిషిని వెతకడం

ఈ పని చేసేవారు మన ఊళ్ళో మూడు రకాలుగా దొరుకుతారు. కొబ్బరి దింపు తీసేవారు ఎక్కడంలో నేర్పరులు, మోకు వాడటం తెలిసినవారు, అయితే పెద్ద మామిడి కొమ్మను ముక్కలుగా దించే పని అందరికీ అలవాటు ఉండదు. కట్టెల కోసం చెట్లు కొనేవారు, కలప అడితీలకు దుంగలు వేసేవారు రెండో రకం. వారు తక్కువ కూలికి, ఒక్కొక్కప్పుడు ఉచితంగా కూడా వస్తారు, కానీ వారి చూపు లావు కొమ్మల మీద ఉంటుంది, అంటే మీరు ఉంచుకోవలసిన కొమ్మల మీద. మూడోవారు కోత మిషన్లు, తాళ్ళు, బెల్టులతో జట్టుగా వచ్చి కాలనీ సంఘాలకు, అపార్టుమెంట్లకు పని చేసేవారు. వారికి ఖర్చు ఎక్కువ. మేడ మీదికి ఒరిగిన కొమ్మకు మాత్రం ఆ ఖర్చు దండగ కాదు.

ఎవరైనా సరే, చెట్టు చూడకుండా ఫోనులో ధర చెప్పినవారిని పక్కన పెట్టండి. వచ్చి చూసినవారిని ఒక్క ప్రశ్న అడగండి: "ఈ ట్యాంకు మీది కొమ్మను ఎలా దించుతారు?" పని తెలిసినవాడు పైకి చూసి, తాడు ఏ పంగలోంచి వేస్తాడో, కింద ఎవరు పట్టుకుంటారో, ఎన్ని ముక్కలు చేస్తాడో చూపుడువేలితో చూపిస్తాడు. తెలియనివాడు "ఏటీ అవదు బాబూ, మేం సూసుకుంటాం కదా" అంటాడు. నేను రెండో జవాబు విని కూడా పని అప్పజెప్పి, సజ్జా కొస విరగ్గొట్టించుకున్నవాణ్ణి.

వారు ఇంతకుముందు చేసిన చెట్టు ఒకటి దగ్గరలో ఉంటే వెళ్ళి చూడండి. ఏడాది కిందట చేసినదైతే మరీ మంచిది. కొమ్మలు తీసినట్టు దూరంనుంచి తెలియకపోతే అది మంచి పని. చెట్టు దీపస్తంభంలా నిలబడి ఉంటే ఆ జట్టు వద్దు. తాడు, నడుముకు బెల్టు, తలకు హెల్మెట్ ఉన్నాయో లేదో కళ్ళతో చూడండి, ఉన్నాయన్న మాటతో సరిపెట్టుకోకండి. బీమా ఉందా అని అడగండి. చిన్న జట్లకు చాలావాటికి ఉండదు, అందుకే ఎక్కే మనిషికి రక్షణ లేకుండా పని జరగనివ్వకూడదు. చెట్టుమీదనుంచి మనిషి పడితే ఆ కుటుంబం ఏమవుతుందన్న ఆలోచన ముందే రావాలి. పద్దెనిమిదేళ్ళు నిండని కుర్రవాణ్ణి ఎక్కిస్తే వెంటనే దింపించండి.

కనీసం ముగ్గురిచేత ధర చెప్పించుకోండి. ఒకరి ధర మిగతావారిలో సగమే ఉంటే, ఆకు, కొమ్మలు తీసుకుపోవడం అందులో లేదేమో అడగండి, సాధారణంగా తేడా అక్కడే ఉంటుంది.

5. కాగితం మీద రాసుకోండి

పెద్ద ఒప్పందం అక్కరలేదు, అయిదారు వాక్యాలు చాలు. ఉదాహరణకు ఇలా రాయవచ్చు: "ఉత్తరం వైపు మామిడి చెట్టుకు రిబ్బను కట్టిన 6 కొమ్మలు మాత్రమే తీయాలి. ట్యాంకు వైపు రెండు కొమ్మలు తాడు కట్టి దించాలి. కోతలు కొమ్మ మెడ దగ్గర ఉండాలి. కొమ్మలు, ఆకు, పొట్టు అదే రోజు తీసుకుపోవాలి, ఆ ఖర్చు కూలిలోనే. లావు దుంగలు ఇంటివారివి. గోడకు, పైపులకు, పక్కింటికి నష్టం జరిగితే బాగుచేయించాలి. సగం సొమ్ము పని సగమయ్యాక, మిగతాది శుభ్రం చేశాక." కొమ్మ మెడ అంటే ఏమిటో తరువాతి భాగంలో చెబుతాను. దుంగలు ఎవరివన్న వాక్యం మరచిపోకండి. సాయంత్రం అయ్యేసరికి తగాదా వచ్చేది దాని మీదే.

మొద్దును కూడా తవ్వి తీయాలా, నేలమట్టానికి కోసి వదిలేయాలా అన్నది ముందే చెప్పాలి, రెండిటి కూలి ఒకటి కాదు. గోడకు, సెప్టిక్ ట్యాంకుకు దగ్గరలో ఉన్న మొద్దును తవ్వించకపోవడమే మేలు. నేలమట్టానికి కోయించి, వచ్చిన చిగురును ఎప్పటికప్పుడు తుంచేస్తూ ఉంటే కొన్నాళ్ళకు అదే చివికిపోతుంది.

కొమ్మలను గెడ్డలో, అంటే వాననీరు పారే కాలువలో, పడేయబోమని కూడా వారిచేత ఒప్పించుకోండి. తరువాతి వానకు ఆ గెడ్డ పొంగి నీళ్ళు వచ్చేది మన వీధిలోకే.

6. పని జరిగే రోజు

వాన పడుతున్నా, గాలి బలంగా ఉన్నా పని వాయిదా వేయండి. తడిసిన బెరడు మీద కాలు నిలవదు. పక్కింటివారికి ముందురోజే చెప్పి, వాహనాలు, పూలకుండీలు, బట్టల దండెం తీయించండి. చెట్టు ఎత్తుకు ఒకటిన్నర రెట్ల దూరం లోపల పిల్లలు, కుక్కలు తిరగకుండా చూడండి. మీరు కూడా ఆ గీత బయటే నిలబడండి, కానీ ఇంట్లోకి వెళ్ళిపోకండి. రిబ్బను కట్టని కొమ్మ తెగేది మీరు కాఫీకి లోపలికి వెళ్ళిన అయిదు నిమిషాల్లోనే.

మణికట్టుకన్నా లావైన ప్రతి కొమ్మనూ మూడు కోతల్లో తీయాలి. మొదటి కోత మానుకు సుమారు అడుగు దూరంలో, కొమ్మ కిందినుంచి, మూడోవంతు లోతుకు. రెండో కోత దానికి మరికొంచెం బయట, పైనుంచి, కొమ్మ తెగి పడేదాకా. అప్పుడు బరువు పోయి, చిన్న ముక్క మాత్రమే మిగులుతుంది, దానిని మూడో కోతతో తీయాలి. ఈ వరస తప్పించి ఒకే వేటున పైనుంచి నరికితే, కొమ్మ సగం తెగగానే బరువుకు వంగి, అరటి నార ఒలిచినట్టు మాను బెరడును రెండు మూడు అడుగుల మేర చీల్చుకుంటూ కిందికి దిగుతుంది. ఆ గాయం చెట్టుకు జీవితాంతం ఉంటుంది.

మూడో కోత ఎక్కడ పడాలన్నదే ఈ పని మొత్తానికి ప్రాణం. కొమ్మ మానులో కలిసేచోట దగ్గరగా చూస్తే, పైన ముడతలు పడిన నల్లని గీత ఒకటి, కింద మెడలా కొద్దిగా ఉబ్బిన భాగం ఒకటి కనిపిస్తాయి. గాయాన్ని మూసే శక్తి ఆ మెడలో ఉంటుంది. కోత మెడకు అంటుకుని బయటివైపు పడాలి, మెడ మానుకే మిగలాలి. మాను మట్టానికి నున్నగా చెక్కేస్తే మెడ పోయి గాయం రెట్టింపు అవుతుంది. జానెడు మోడు వదిలేస్తే అది ఎండి, కుళ్ళి, ఆ కుళ్ళును లోపలికి తీసుకుపోతుంది. మన దగ్గర పనివారు "తరువాత కాలు పెట్టుకోవడానికి" అని మోడులు వదులుతారు. ఆ మెట్లు చెట్టుకు తొర్రలవుతాయి.

కోసినచోట తారు, ఆయిల్ పెయింటు పూయనక్కరలేదు, అవి తేమను లోపల బంధిస్తాయి. మామిడికి వానాకాలంలో పెద్ద కోత పడితే ఉద్యానశాఖ వారు చెప్పే బోర్డో పేస్టు పూయవచ్చు: కిలో మైలుతుత్తం, కిలో సున్నం విడివిడిగా కలిపి, మొత్తం 10 లీటర్ల నీళ్ళకు సరిపడేలా ప్లాస్టిక్ బకెట్టులో చేసుకోవాలి. ఇనుప బకెట్టు వాడకూడదు. పసుపు, పేడ పూసే అలవాటు వల్ల ఉపకారం ఉందని నాకు అనిపించలేదు.

ఇంకొక మాట. కొందరు ఇనుప ముళ్ళ బూట్లతో ఎక్కుతారు. కొట్టేయబోయే చెట్టుకైతే సరే, ఉంచుకునే చెట్టుకు ప్రతి అడుగూ ఒక గాయమే. తాడుతోనో నిచ్చెనతోనో ఎక్కమనండి.

7. కొబ్బరికి వేరే లెక్క

కొబ్బరికి బెరడు లేదు, గాయం మూసుకోవడం లేదు. మాను మీద కాలికోసం పెట్టిన గాటు ముప్పై ఏళ్ళ తరువాత కూడా అలాగే ఉంటుంది, అందుచేత గాట్లు పెట్టి ఎక్కేవారిని రానివ్వకండి. పచ్చి మట్టలు కొట్టించకండి. గడియారంలో 9 అంకెనుంచి 3 అంకెకు అడ్డంగా గీత గీసినట్టు ఊహించుకుని, ఆ గీతకు పైన ఉన్న మట్టలన్నీ ఉంచమనండి. కిందికి వేలాడే ఎండుమట్టలు, పాత గెల కాడలు, పీచు తీస్తే చాలు. పచ్చిమట్ట తీయక తప్పకపోతే మొదలుదాకా చెక్కకుండా సుమారు 4 అడుగుల కాడ వదిలి కోయించాలి. మొవ్వు దగ్గరి పచ్చి గాయం వాసనకు ఎర్రముక్కు పురుగు వస్తుంది.

ఎక్కిన మనిషిచేత పైన మూడు విషయాలు చూపించుకోండి, ఫోను ఇచ్చి ఫొటోలు తీయించుకున్నా సరే. ఆకులు కత్తెరతో వి ఆకారంలో కత్తిరించినట్టుంటే కొమ్ము పురుగు ఉన్నట్టు. మాను మీద రంధ్రాలనుంచి గోధుమరంగు జిగురు కారుతుంటే ఎర్రముక్కు పురుగు ఉన్నట్టు, అది ప్రమాదకరం, వెంటనే ఉద్యానశాఖ వారిని అడగాలి. ఆకు అడుగున తెల్లని సుడుల్లా పొడి, పైన నల్లని మసి కనిపిస్తే సర్పిలాకార తెల్లదోమ, దానికి ఆకుల అడుగుభాగాన నీళ్ళు బలంగా కొట్టించడంతో మొదలుపెట్టవచ్చు. కొమ్ము పురుగుకైతే వేపపిండి, ఇసుక కలిపి మొవ్వుకు దగ్గరి మట్టల మొదళ్ళలో పోయించి, పెరట్లో చివుకుతున్న పేడకుప్ప, కుళ్ళిన దుంగలు ఉంటే తీసేయండి. ఆ పురుగు పిల్లలు పెరిగేది వాటిలోనే.

8. ఏడాది పొడుగునా

విశాఖ ఇళ్ళలో చెట్లను ఎక్కువగా చంపుతున్నది సిమెంటు అని నా అభిప్రాయం. మాను చుట్టూ గచ్చు చేసి, గుండ్రంగా అడుగు ఖాళీ వదిలి, దానికి ఎర్రరంగు అంచు కట్టి చెట్టును కాపాడామనుకుంటారు. వేళ్ళకు గాలి, నీరు అందవలసినది ఆకుల గొడుగు అంచుదాకా. ఇప్పటికే గచ్చు అయిపోయి ఉంటే కనీసం మూడు అడుగుల మేర పగలగొట్టించండి.

దీనికి తోబుట్టువు లాంటి తప్పు ఒకటి ఉంది. రోడ్డు పైకి లేచిందని పెరట్లో గ్రావెల్ పోయించి ఎత్తు చేస్తారు. మాను వేళ్ళలోకి విప్పారేచోటు మట్టిలో పూడిపోతే బెరడు చివుకుతుంది, మూడు నాలుగేళ్ళకు చెట్టు పైనుంచి ఎండుతూ వస్తుంది, అప్పటికి కారణం ఎవరికీ గుర్తుండదు. కరెంటు స్తంభంలా మాను నేలలోకి నేరుగా దిగినట్టు కనిపిస్తే, చేత్తోనో తాపీతోనో మట్టి తీసి మొదటి వేళ్ళు బయటపడేదాకా వెళ్ళండి, గునపం వద్దు.

నీళ్ళు మాను మొదట్లో కాకుండా, కొబ్బరికి అయిదారు అడుగుల దూరందాకా, మామిడికి గొడుగు అంచు కింద పాదు చేసి పెట్టండి. రోజూ చెంబెడు పోయడంకన్నా, ఎండాకాలంలో వారం పది రోజులకొకసారి నేల లోతుగా తడిసేలా పెట్టడం మంచిది. రాలిన ఆకును కాల్చకుండా ఆ పాదులోనే పరవండి, మానుకు మాత్రం జానెడు దూరం వదలండి. గోడ కోసమో పైపు కోసమో కందకం తవ్వవలసి వస్తే మాను వ్యాసానికి అయిదారు రెట్ల దూరం లోపల లావు వేళ్ళు తెగనివ్వకండి. అలా ఒకవైపు వేళ్ళు పోయిన చెట్టే తుపానుకు ముందుగా పడుతుంది.

కొత్త మొక్క నాటేటప్పుడు సంచిలో చాలాకాలం ఉన్న మొక్కకు వేళ్ళు గుండ్రంగా చుట్టుకుని ఉంటాయి. వాటిని విడదీసి, విడివడనివాటిని కోసి నాటండి. లేకపోతే పదిహేనేళ్ళ తరువాత ఆ చుట్టే మానును బిగిస్తుంది. ఏడాకుల పొన్నను మాత్రం పడకగది కిటికీ దగ్గర నాటకండి. దీపావళి రోజుల్లో దాని పూల వాసనకు తలుపులు మూసుకున్నవారు నాకు తెలుసు.

9. పని సరిగ్గా జరిగిందా అని చూసుకోవడం

సొమ్ము ఇచ్చేముందు కాగితం చేతపట్టుకుని ప్రతి కోతనూ చూడండి: బెరడు చీలిందా, మోడు మిగిలిందా, రిబ్బను లేని కొమ్మ తెగిందా, పైన తెగి చిక్కుకుపోయిన కొమ్మ వేలాడుతున్నదా. చివరిదానిని తప్పక చూడాలి, అది ఏ రాత్రో పడుతుంది. మోడు మిగిలి ఉంటే ఆ పూటే మళ్ళీ ఎక్కించండి, రేపు వస్తామన్నవారు రారు.

నెల తరువాత కోతల చుట్టూ చిగుళ్ళు గుత్తులుగా లేస్తే ఎక్కువ తీశారని అర్థం. వాటిలో బలమైనది ఒకటి ఉంచి మిగతావి లేతగా ఉన్నప్పుడే చేత్తో తుంచండి. ఆరు నెలల తరువాత, సంక్రాంతి నాటికి, కోతల ఫొటోలు మళ్ళీ తీసి పాతవాటి పక్కన పెట్టి చూడండి. గాయం అంచున చుట్టూరా ఉంగరంలా కొత్త బెరడు ఉబ్బి లోపలికి వస్తూ ఉండాలి. ఉంగరం పక్కల మాత్రమే వచ్చి పైన, కింద రాకపోతే కోత మెడలోకి దిగిందన్నమాట. ఆ ఫొటో దాచిపెట్టి, మరుసటి సంవత్సరం ఎక్కేవాడికి చెట్టు కిందే నిలబెట్టి చూపించండి. మా వేపచెట్టుకు ఇప్పుడు మూడు ఉంగరాలు పూర్తిగా మూసుకున్నాయి, నాలుగోదానికి ఇంకా బొటనవేలంత ఖాళీ ఉంది.